పలుగురాయికి వెచ్చని కవచము

కడప జిల్లా పులివెందుల ప్రాంతపు కొండలయందు ప్రకృతి రెండు విలక్షణ వస్తువులను చేరువచేరువనే సమకూర్చి యుంచినది. అందొకటి పలుగురాయి. భూగర్భశాస్త్రజ్ఞులు కడప శిలాసంహతిని పొరలు పొరలుగా వర్గీకరించినప్పుడు ఒక పొరకు పులివెందుల క్వార్ట్‌జైట్ అనియే పేరిడిరి. జమ్మలమడుగు చెంత పెన్నానది కోసికొనిపోయిన నిట్టనిలువు గోడల శిల కూడ ఆ జాతిదే, దానికి గండికోట పేరు దక్కినది. రెండవది రాతినార. వేంపల్లె సున్నపురాతి పొరలలోనికి పూర్వయుగమున కరగిన డోలరైటు శిల చొచ్చుకొనివచ్చిన తావులయందు, ఆ వేడిమికి మగ్నీషియము గల రాయి రూపాంతరము చెంది, గోటితో చీల్చదగిన తెల్లని పోగులై గట్టిపడినది. నియతముగ కంపించుటలో పలుగురాయికి సాటిరాగల పదార్థము అరుదు. వేడిని అడ్డగించు పనులలో ఒకప్పుడు రాతినారదే అగ్రస్థానము. ఈ రెండు గుణములును ఒక్క అరచేతి యంత్రములో కలిసి పనిచేయవలసిన అవసరము రేడియో యుగమున ఏర్పడినది. ఆ యంత్రమే ఉష్ణనియంత్రిత స్ఫటికడోలకము, అనగా పలుగురాతి పలుకను ఒక వెచ్చని పేటికలో నుంచి, దాని కంపనములను కొలబద్దగా గ్రహించు సాధనము. పేటిక చుట్టును రాతినార చేయగల పనిని నేడు నురుగుపదార్థములు, అనగా మనము ఫోము అని పిలుచునవి, చేయుచున్నవి. వానిలో దేనిని ఎన్నుకొనవలెను, ఏ కారణముచేత ఎన్నుకొనవలెను అను విషయము పైకి స్వల్పముగ తోచినను, పరికించినకొలదిని రసవత్తరమైనది.

ఇట్టి సాధనము మనకు దూరపుది కాదు. కాయస్థరాజుల రాజధానిగా శాసనములకెక్కి నేడు మండలకేంద్రమైన వల్లూరులో ఒక రైతు పొలముగట్టున నిలిచి ప్రొద్దుటూరి బజారు ధరను ఫోనులో విచారించునప్పుడు, ఆ మాటను మోయు టవరు తన పౌనఃపున్యమును పదికోట్లలో అయిదు పాళ్లకు మించి తప్పరాదని అంతర్జాతీయ ప్రమాణము శాసించుచున్నది. 900 మెగాహెర్ట్జ్ తరంగమునకు, అనగా సెకనుకు తొంబదికోట్ల కంపనములకు, ఆ తప్పు నలువదియైదు కంపనములు మాత్రమే. పెక్కు టవరు యంత్రములలో ఈ నియమమును నిలుపునది వెచ్చని పేటికలోని స్ఫటికమే. 1963లో నెలకొన్న కడప ఆకాశవాణి 900 కిలోహెర్ట్జ్‌పై, అనగా 333.3 మీటర్లపై, వినిపించునది. మీడియంవేవ్ ప్రసారములకు అనుమతింపబడిన తేడా పది హెర్ట్జ్ మాత్రమే కాన, పూర్వపు ప్రసారయంత్రములలో స్ఫటికమును వెచ్చని గూటిలో నుంచుట పరిపాటిగా నుండెను. ఇక 1983లో హైదరాబాదున నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో స్థాపితమైన పిమ్మట మన ప్రాంతమున వ్యాపించిన హ్యామ్ రేడియో అభిరుచి గలవారికి ఈ సాధనముతో మఱింత సన్నిహిత సంబంధము కలదు. 2018 నవంబరులో ఖతర్ దేశము ప్రయోగింపించిన ఎస్‌హెయిల్-2 ఉపగ్రహమునందు హ్యాములకొఱకు అమర్చిన సదుపాయము భారతదేశమునుండియు అందును. దాని సంకేతములు 10,489 మెగాహెర్ట్జ్ వద్ద దిగివచ్చును. అంత ఎత్తైన పౌనఃపున్యమున పదిలక్షలలో ఒక పాలు తప్పినను పదివేల హెర్ట్జ్‌ల పైచిలుకు దారితప్పినట్లే. ఒక మనిషి మాట ఆక్రమించు స్థలము మూడువేల హెర్ట్జ్‌లైనను లేదు. కావున ఔత్సాహికుడు తన యింటి బల్లమీదనే వెచ్చని పేటికను నిర్మించుకొనుటకు పూనుకొనును. ఫోము ప్రశ్న అతనికి అప్పుడే ఎదురగును.

పలుగురాయి కంపించుటయేమి, దానికి వెచ్చదనమేల అని పాఠకులు ప్రశ్నింపవచ్చును. 1880లో ఫ్రాన్సుదేశమున క్యూరీ సోదరులు జాక్, పియేర్ అనువారు, కొన్ని స్ఫటికములను నొక్కినచో వాని ముఖములపై విద్యుత్తు పొడసూపునని కనుగొనిరి. విద్యుత్తు నిచ్చినచో స్ఫటికము కదలుననుట దీనికి విపర్యయము. 1921లో వాల్టర్ కేడీ పలుగురాతి పలుకచేత రేడియో డోలకమును నియంత్రించెను. 1927లో బెల్ ప్రయోగశాలలో వారెన్ మారిసన్, హార్టన్ అనువారు పలుగురాతి గడియారమును నిర్మించిరి. పులివెందుల కొండరాయి మాత్రము దీనికి నేరుగ పనికిరాదు. ఏలయన అది పూర్వకాలపు ఇసుకరేణువులు అతుకుకొని గట్టిపడిన శిల, అందలి ప్రతి రేణువును తనకు తోచిన దిక్కునకు తిరిగియుండును. డోలకమునకు ఒకే స్ఫటికమునుండి నిర్ణీత కోణమున కోసిన పలుక కావలెను. నేడు అట్టి స్ఫటికములను దృఢమైన ఉక్కుపాత్రలలో క్షారద్రావణమునందు, మిక్కిలి పీడనముతోను వేడిమితోను వారములతరబడి పెంచుచున్నారు.

ఇంత నియతమైన వస్తువునకు గల లోపమెల్ల ఉష్ణమువలననే. మన గోడగడియారములోని చిన్న స్ఫటికము సెకనుకు 32,768 పర్యాయములు కంపించును. అది ఇరువదియైదు డిగ్రీల సమీపమున సక్రమముగ నడచును. అచటినుండి ఎటు జరిగినను వెనుకబడును, ఆ వెనుకబాటు దూరముయొక్క వర్గమునుబట్టి పెరుగును. డిగ్రీల తేడాను దానితోనే గుణించి, వచ్చినదానిని 0.034తో గుణించినచో పదిలక్షలకెన్ని పాళ్లు తప్పినదో తెలియును. ఎండాకాలమున రేకుల కొట్టములో నలువదియైదు డిగ్రీల వేడిలో రాత్రింబవళ్లున్న గడియారమునకు తేడా ఇరువది డిగ్రీలు, ఫలితము 13.6 పాళ్లు, అనగా రోజుకు ఒక సెకను పైచిలుకు ఆలస్యము. ఇంటివారు దీనిని గమనింపనైన గమనింపరు. టవరుకు అనుమతించిన తేడాతో పోల్చినచో మాత్రము ఇది రెండువందల డెబ్బది రెట్లు. కడప సీమలో వేసవి పగళ్లు నలువది డిగ్రీలు దాటుట సర్వసాధారణము. శీతకాలపు వేకువలు అందులో సగమునకును దిగును. ఇట్టి చోట స్ఫటికమును దాని యదృష్టమునకు వదలుటకు వీలులేదు.

దీనికి శాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఉపాయము చమత్కారమైనది. 1934లో వెలువడిన ఏటీ అను కోతలో, కోణమును తగినట్లు సవరించినచో, ఒకానొక ఉన్నతోష్ణమువద్ద స్ఫటికపు పోకడ మలుపు తిరుగును. ఆ మలుపువద్ద కొద్దిపాటి వేడి హెచ్చినను తగ్గినను పౌనఃపున్యము ఇంచుమించు కదలదు. సాధారణముగ ఈ మలుపు ఎనుబది డిగ్రీల ప్రాంతమున నుండునట్లు స్ఫటికమును కోయుదురు. దానిని అల్యూమినియపు దిమ్మెలో పొదిగి, థర్మిస్టరుతో వేడిని కనిపెట్టుచు, ట్రాన్సిస్టరును కాచి ఆ డిగ్రీలనే నిలుపుదురు. ఇచట పాఠకులు గుర్తుంచుకొనవలసిన ముఖ్యవిషయమొకటి కలదు: ఈ పేటిక వేడిచేయగలదు గాని చల్లార్చలేదు. అందులకే దానిని ఊరి వేడికంటె ఎల్లప్పుడును పైన నుంచుదురు. అందలి అదనపు వేడి బయటికి పోవు మార్గము ఫోము ద్వారముననే.

ఫోము వేడిని అడ్డగించుననుట లోకప్రసిద్ధము. ఎట్లు అడ్డగించుననునది అంత ప్రసిద్ధము కాదు. నిజముగ అడ్డగించునది గాలి. నిశ్చలమైన గాలి ఉష్ణవాహకత మీటరునకు డిగ్రీకి 0.026 వాట్లు మాత్రమే. ఘనపదార్థములలో ఇంత తక్కువ అరుదు. కాని గాలి నిశ్చలముగ నుండదు. వెచ్చనైనది పైకి లేచును, చల్లనిది క్రిందికి దిగును, ఫంకా తిరిగినచో మఱింత చెలరేగును. ప్రొద్దుటూరి బంగారు అంగళ్లలో కంసాలి తన సున్నితపు త్రాసును అద్దాలపెట్టెలో నుంచుట ఎట్లు గాలి విసురు తగులకుండుటకో, పేటికచుట్టు ఫోమునుంచుటయు అట్లే. భేదమేమనగా ఫోము గాలిని బయట నిలుపుటయే కాక, తనలోని గాలిని కూడ సూక్ష్మమైన గదులలో బంధించి కదలనీయదు. కావున మంచి ఫోములన్నిటి వాహకతయు గాలి వాహకతకు అటునిటుగానే యుండును. థర్మోకోల్‌కు ఇంచుమించు 0.035, గట్టి పాలీయూరిథేను ఫోముకు, దాని గదులలో గాలికి బదులు బరువైన వాయువు నిండియున్నందున, 0.022 మొదలు 0.028; గ్లాస్‌ఊల్‌కు 0.04కు చేరువ. ఏరోజెల్ మాత్రము వీనిని కూడ మించి 0.015 వరకు దిగగలదు.

అంకెలు చేత నున్నవి కాన లెక్క వేసి చూతము. ప్రక్కకు అయిదు సెంటీమీటర్లున్న ఘనాకారపు దిమ్మెను ఎనుబది డిగ్రీలవద్ద నుంచి, 0.03 వాహకత గల ఫోమును రెండు సెంటీమీటర్ల మందమున చుట్టినాము. గది వేడి ముప్పది డిగ్రీలు. ఫోము లోపలి ముఖములకంటె వెలుపలి ముఖములు విశాలములు గనుక ఆ రెండింటి మధ్యస్థమైన వైశాల్యమును గ్రహించినచో, బయటికి పోవు వేడి రెండు వాట్లు. గది పదునైదు డిగ్రీలకు చల్లబడినచో అది రెండున్నర దాటును. నలువదియైదుకు ఎక్కినచో ఒకటిన్నరకు లోబడును. ఇక మందమును రెట్టింపు చేసినచో నష్టము సగమగునని తోచును గాని అట్లు కాదు. ఫోము లావెక్కినకొలదిని దాని వెలుపలి ముఖము కూడ విస్తరించి వేడిని వెదజల్లు తావు పెరుగును. నాలుగు సెంటీమీటర్లు చుట్టినను నష్టము ఒకటిన్నర వాట్లకంటె ఎక్కువ దిగదు. మొదటి రెండు సెంటీమీటర్లు చేసిన మేలులో తరువాతి రెండు సెంటీమీటర్లు చేయునది స్వల్పభాగమే. చిన్న పేటికకు గంపెడు ఫోము వృథా యనుట ఇందువలన స్పష్టము.

ఇప్పుడు అంగడిలో దొరకు రకములను ఒక్కొక్కటిగ విచారింతము. థర్మోకోల్ మిక్కిలి చవుక. టీవీ పెట్టెలోనుండి ఊరకయే లభించును. నూటికి తొంబదియెనిమిది పాళ్లు గాలియే. చాకుతో కోసినచో తెగును. కాని దానికొక బలహీనత కలదు. డెబ్బదియైదు, ఎనుబది డిగ్రీల ప్రాంతమున అది మెల్లగ ముడుచుకొనును. నేడు బిగువుగ కూర్చిన ముక్క ఆఱు నెలలకు దిమ్మెను విడిచి లోపలికి కుంచించి, మధ్య సందు ఏర్పడును. ఆ సందులో గాలి తిరుగాడును. పైగా పెట్రోలుగాని, గోళ్లరంగు తుడుచు ద్రావకముగాని, కొన్ని జిగురులుగాని తగిలినచో కరగిపోవును. కాన దానిని వెలుపలి పొరగ వాడవచ్చునేగాని దిమ్మెకు తాకనీయరాదు.

గట్టి పాలీయూరిథేను ఫోము ఇంటి ఫ్రిజ్ గోడలలోను, కోల్డ్‌స్టోరేజిల పఫ్ పలకలలోను నిండియుండునది. నూఱు డిగ్రీలకు చేరువ వేడిని ఓర్చును. ఏరోజెల్‌ను మినహాయించినచో వాహకత అన్నిటికంటె తక్కువ. రెండు ద్రవములను కలిపి పోయగానే పొంగి మూల మూలలకును నిండును గనుక సులభమని పలువురు దానిని పేటికలోనే పోయుదురు. ఇది వివేకము కాదు. పొంగునప్పుడు ఆ మిశ్రమము తనంతట తాను వేడెక్కును, చుట్టునున్న తీగచుట్టలను కెపాసిటర్లను నొక్కును. గట్టిపడిన పిమ్మట ఒక్క రెసిస్టరు చెడినను మొత్తము త్రవ్వవలసినదే. పచ్చి ద్రవముల ఆవిరులు ఊపిరితిత్తులకు హానికరములు. పఫ్ పలకముక్కను తెచ్చి కొలతకు కోసి అమర్చుకొనుట మేలు. కాలక్రమమున దాని గదులలోని వాయువు మెల్లగ వెలికి జాఱి, గాలి లోపలికి చేరి, వాహకత కొంత హెచ్చును. ఈ మార్పు ఏండ్లమీద జరుగును గనుక గొప్ప ఇబ్బంది కాదు.

పరుపులలోను సోఫాలలోను వాడు మెత్తని స్పంజి కూడ పాలీయూరిథేను జాతిదే యైనను గుణమున వేఱు. దాని గదులు ఒకదానిలోనికొకటి తెరచియుండును, తేమను పీల్చును, నీటి వాహకత 0.6, అనగా ఫోముకు ఇరువది రెట్లు. వేడియు తేమయు కలిసి సోకినచో కొన్నేండ్లకు జిగటగ మారి, తుదకు పొడిపొడియై రాలును. ఇట్లు రాలిన ఫోమును పాత కొలతయంత్రములను విప్పినవారందఱును చూచియుందురు. ఏసీ మెకానిక్కులు రాగి గొట్టములకు తొడుగు నల్లని నైట్రైల్ రబ్బరు ఫోము దీనికంటె ఎంతయో నయము. గదులు మూసియుండును, నూఱు డిగ్రీల వరకు ఓర్చును, వంచినట్లు వంగును, మన ఊళ్లలో సులభముగ దొరకును. వాహకత థర్మోకోల్‌తో సమానము. దిమ్మెను అంటిపెట్టుకొని ఒక సెంటీమీటరు నైట్రైలును, దానిపై మఱొక సెంటీమీటరు థర్మోకోల్‌ను చుట్టినచో, గది నలువదియైదు డిగ్రీలకు ఎక్కినను, రెండింటి కలయికవద్ద వేడి అఱువది డిగ్రీల చుట్టుపట్లకు దిగును. అచట థర్మోకోల్ నిశ్చింతగ మనగలదు. ఒకే పదార్థముతో సాధింపలేనిది రెండు పొరలతో అల్పవ్యయమున సాధ్యమగును.

ఫోమును ఇంత శ్రద్ధతో ఎన్నుకొన్నవారును ఒక దొంగదారిని మఱచుట కద్దు. పేటికలోనికి తీగలు పోవలెను గదా! రాగి వాహకత 400; ఫోముకు పదుమూడువేల రెట్లు. అఱ మిల్లీమీటరు లావుగల రాగితీగ రెండు సెంటీమీటర్ల ఫోమును నేరుగ దాటినచో, ఒక్క తీగయే 0.2 వాట్లను వెలికి చేర్చును. అయిదు తీగలు కలిసి ఒక వాటు, అనగా మొత్తము ఫోములోనుండి పోవుదానిలో సగము. అదే తీగ లావు మిల్లీమీటరులో పదవవంతైనచో నష్టము ఇరువదియైదవ వంతునకు పడిపోవును. కాన సన్నని తీగలను వాడి, వానిని నేరుగ గాక ఫోము లోపల ఒకటి రెండు చుట్లు త్రిప్పి బయటికి తీయవలెను. పది రూపాయల తీగ విషయమున అజాగ్రత్త వహించి వేయి రూపాయల ఏరోజెల్‌ను కొనుట నిష్ప్రయోజనము.

ఇక అతిముఖ్యమైన విషయమునకు వత్తము. వేడి పోకుండుటయే ఫోము ప్రయోజనమైనచో అన్నిటికంటె ఎక్కువ అడ్డగించునదే ఉత్తమమని తేల్చవచ్చును. చల్లని దేశములలో ఇది చాలవరకు సత్యము. వల్లూరు వంటి చోట కాదు. మే నెల మిట్టమధ్యాహ్నమున ఎండలోని ఇనుపపెట్టె లోపల గాలి అఱువదియైదు డిగ్రీలకు చేరినదనుకొందము. ఎనుబది డిగ్రీల దిమ్మెకును దానికిని తేడా పదునైదే. మన రెండు సెంటీమీటర్ల ఫోములోనుండి అప్పుడు పోవునది 0.6 వాట్లు. డోలకపు విద్యుద్వలయము తన పనికొఱకు స్వయముగ 0.4 వాట్లను వేడిగ మార్చుచున్నదనుకొన్నచో, హీటరునకు మిగిలిన వాటా 0.2; నియంత్రణ ఇంకను చేజాఱలేదు. ఇదే పేటికకు సగము వాహకత గల ఏరోజెల్‌ను చుట్టినచో బయటికి పోగలిగినది 0.3 మాత్రమే, లోపల పుట్టుచున్నది 0.4. హీటరు పూర్తిగ ఆగిపోయినను దిమ్మె వేడి పెరుగుచునే యుండి ఎనుబదియైదు డిగ్రీలవద్దగాని నిలువదు. ఎక్కువ వెలపెట్టి కొన్న మేలైన బంధకమే నియంత్రణను చెఱచినది! ఉష్ణదేశమున ఫోము వేడిని సంపూర్ణముగ బంధింపరాదు; కొంత వేడిని, మందముగను అన్ని వైపులను సమముగను, నిరంతరము పోనీయవలెను. ఆ పోవుదానిని హెచ్చించుటద్వారముగను తగ్గించుటద్వారముగను గాక వేఱువిధమున హీటరు తన అధికారమును చెలాయింపజాలదు.

భద్రతను గూర్చి కూడ ఒక మాట చెప్పక తప్పదు. థర్మోకోల్, పాలీయూరిథేను రెండును మండునవే, వాని పొగ విషపూరితము. హీటరు ట్రాన్సిస్టరు చెడి తెరచినది తెరచినట్లే నిలిచిపోయినచో వేడికి అడ్డుండదు. కాన రైస్‌కుక్కరులలో నుండు థర్మల్‌ఫ్యూజు నొకదానిని దిమ్మెకు తాకునట్లు అమర్చుట విధి. మండని బంధకమునకు ఒకప్పుడు రాతినారయే పేరెన్నికగన్నది. పులివెందుల గనులు వర్ధిల్లినదియు ఈ గుణమువలననే. కాని దాని కంటికానరాని పోగులు ఊపిరితిత్తులలో చేరి ప్రాణాంతక వ్యాధులను కలిగించునని ధ్రువపడినందున, క్రొత్త గనికౌళ్ల నీయరాదని భారత ప్రభుత్వము 1986లో నిర్ణయించినది. వాహకత పట్టికలో మంచి అంకె కనిపించినంతనే పదార్థము మంచిదని తలపరాదనుటకు ఆ కొండలే సాక్ష్యము.

కడపట, కూర్చిన ఫోము సరియైనదో కాదో తెలిసికొనుటకు ప్రయోగశాల అక్కఱలేదు. హీటరు తీగలో ఒక అమ్మీటరు చాలును. పండ్రెండు వోల్టుల పేటికకు, లోపలి వలయము వేడిని మినహాయింపకయే లెక్కించినచో, మన కొలతలనుబట్టి పదునైదు డిగ్రీల వేకువను 220 మిల్లీఆంపియర్ల చుట్టుపట్లను, నలువదియైదు డిగ్రీల అపరాహ్ణమున 120కు చేరువను కనిపించవలెను. వేకువ అంకె హీటరు శక్తికి అవధిని తాకుచున్నచో బంధకము చాలదు, లేదా తీగలు లావైనవి. మధ్యాహ్నపు అంకె సున్నకు దిగినచో బంధకము మితిమీరినది, లేదా స్ఫటికపు మలుపు ఈ ఊరికి తగినంత ఎత్తున లేదు. ఫంకా వేయగానే ముల్లు కదలినచో ఎచటనో అతుకు సందు విడిచినది. నిమిషముల తరబడి తడసి మెల్లగ కదలినచో కూర్పు చక్కగ నున్నది. ఈ పరీక్షను నిండు వేసవిలో ఒకసారియు మంచుకాలమున ఒకసారియు జరిపినపిమ్మటనే ఫోమును జిగురుతో స్థిరముగ అతికింపవలెను. శీతలదేశపు కర్మాగారము తన గదిని చూచి వ్రాసికొన్న మందమును మన పేటికకు యథాతథముగ తగిలింపక, మన ఎండను మనమే కొలిచి ఫోమును నిర్ణయించుకొనుట ఉచితము.